కలంకారీలో యూదుల పెళ్లి పందిరి గుడ్డ: రంగులు, హీబ్రూ అక్షరాల సందేహాలు

చివరేడు_తిరుపతి:
బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) ఆఖరి ఏడాది ప్రదర్శనకు ఒక గుడ్డ చేస్తా ఉన్నా. విషయం, యూదుల ఆచారాల్లో స్వలింగ జంటలకు చోటు. యూదుల పెళ్లి నాలుగు కర్రలకు కట్టిన గుడ్డ కింద జరుగుతుంది, దాన్ని ఖుప్పా అంటారు. ఆ గుడ్డను శ్రీకాళహస్తి పద్ధతిలో కలంతో వేయాలని ఉంది. నడుమ దావీదు నక్షత్రం, చుట్టూ స్వలింగ సంపర్కుల జెండాలోని ఇంద్రధనుస్సు ఆరు రంగులు, కింద ఒక హీబ్రూ మాట. ఆరు రంగులూ చెట్ల రంగుల్లో తేలతాయా? ఏ మాట రాయాలి? కొలతలేమైనా ఉన్నాయా?

పాతప్రతి:
నక్షత్రం పక్కన ఇంద్రధనుస్సు పెడితే అది జెండా అయిపోతుంది సామీ. అసలు తగువు గుడ్డలో లేదు, దాని కింద చదివే పత్రంలో ఉంది. దాని పేరు కెతుబా, పాతకాలపు పాఠం అరమాయిక్ భాషలో ఉంటుంది. వరుడు వధువుకు ఇంత సొమ్ము బాకీ అని రాస్తారు. కన్యకు 200 జూజ్‌లు (పాత వెండి నాణేలు), వితంతువుకు 100 అని మిష్నా (యూదుల పాత ధర్మశాస్త్ర గ్రంథం) లెక్క. ఇద్దరు మగవాళ్లకో ఇద్దరు ఆడవాళ్లకో పేర్లు మార్చి ఇదే చదివితే అతకదు.

అందుకే ఒక్కో శాఖ ఒక్కో దారి పట్టింది. అమెరికా రిఫార్మ్ శాఖ రబ్బీల (మత గురువుల) సంఘం 2000లో స్వలింగ జంటలకు తంతు జరిపే రబ్బీలకు అండగా తీర్మానం చేసింది, జరపనివాళ్లనూ తప్పుపట్టలేదు. కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర కమిటీ 2006 డిసెంబరులో ఒప్పుకునే తీర్పునూ ఒప్పుకోని తీర్పునూ ఒకే రోజు ఆమోదించింది, 2012లో తంతు నమూనాలు ఇచ్చింది. ఆర్థడాక్స్ శాఖ ఒప్పుకోదు.

నీ బొమ్మకు పనికొచ్చేది వేరే ఉంది. యూదు ధర్మవేత్త రేచల్ ఆడ్లర్ 1998లో బ్రిత్ అహువీమ్ అనే తంతును ప్రతిపాదించింది. అందులో ఒకరు ఇంకొకరి సొత్తు కారు, ఇద్దరూ భాగస్వాములు. చెరొక వస్తువు ఒకే సంచిలో వేసి, ఇద్దరూ కలిసి పైకెత్తుతారు. నక్షత్రం తీసేసి ఆ మూట, దాన్ని పట్టుకున్న నాలుగు చేతులు వెయ్. మాట కూడా అహువీమ్ అనే రాయి, ప్రేమించబడినవారు అని అర్థం. దేవుడి పేరు నాలుగక్షరాలు మాత్రం వద్దు. అది రాసిన వస్తువును వాళ్లు పారేయరు, గెనిజా అనే కొట్టులో దాచి పూడ్చిపెడతారు. షో అయ్యాక నీ గుడ్డ ఏ మూల పడుతుందో ఎవరికి తెలుసు?

కసిమి_కుండ:
ఆరు రంగులు రావు తమ్ముడూ. నలుపు, ఎరుపు, పసుపు, నీలం, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ, అంతవరకే. ఎరుపు మీద నీలిమందు వేస్తే తేటైన ఊదా రావడం కష్టం. రంగు వదిలేయడం ఆ జెండాకూ కొత్త కాదులే. 1978లో గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు దాన్ని ఎనిమిది రంగులతో చేస్తే, 1979కల్లా ఆరయ్యాయి.

గుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఎండబెట్టు. పాలలో నీళ్లు కలపొద్దు. వెన్న పట్టకపోతే గీత పక్కలకు పాకుతుంది. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి 15 నుంచి 20 రోజులు ఊరబెడితే కసిమి, అంటే నల్ల గీతలు గీసే సిరా. దాన్ని వడకట్టకుండా చిక్కగా వాడితే కొన్నేళ్లకు గీత వెంబడే గుడ్డ చిరుగుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, ఒక రోజు ఆరబెట్టి, పారే నీళ్లలోనే జాడించు. తొట్టిలో జాడిస్తే మిగులు పటిక గుడ్డంతా పట్టి, ఎరుపునిచ్చే మంజిష్ఠలో ఉడికించినప్పుడు బొమ్మలోని చేతుల చుట్టూ గులాబీ మరకలు తేలతాయి.

కుడి_నుంచి_ఎడమ:
అహువీమ్‌లో అక్షరాలు ఆలెఫ్, హే, వావ్, బేత్, యోద్, మేమ్. గండమంతా హే దగ్గరే. దాని ఎడమ కాలికీ పైగీతకూ మధ్య సందు ఉంటుంది. కసిమి పాకి ఆ సందు మూసుకుపోతే అది ఖేత్ అనే వేరే అక్షరం అవుతుంది, మాట చెడుతుంది. కాబట్టి అక్షరం మూడంగుళాల ఎత్తుకు తగ్గనీయకు, సందును మామూలు కంటే రెట్టింపు వదులు. చివరి మేమ్ పెట్టెలా నాలుగు వైపులా మూసి ఉంటుంది. నకలు ప్రింటు తీసినప్పుడు ఆ పెట్టె ఎడమ కొసన ఉందో లేదో చూడు. కుడి వైపున ఉంటే సాఫ్ట్‌వేర్ మాటను తిప్పేసినట్టే. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి మార్చి చూసినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఖుప్పాను జనం కింద నుంచి చూస్తారు. బొమ్మ నేల వైపు తిప్పి కట్టు, లేకపోతే హీబ్రూ అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది.

చివరేడు_తిరుపతి:
ఇదైతే నాకు తట్టనే లేదు! మరి కొలత?

కసిమి_కుండ:
శాస్త్రంలో కొలత లేదంటారు కదా, రెండు మీటర్ల చదరం చాలు. 44 అంగుళాల పన్నా రెండు ముక్కలు కలిపి కుట్టాలి. కుట్టు సరిగ్గా నడుమకే వస్తుంది, మూట దాని మీద పడకుండా ఒక పక్కకు జరుపు. లేదా రెండు చేతులు ఇటు ముక్కలో, రెండు అటు ముక్కలో వేసి, మూటను కుట్టు మీదే పెట్టు. అప్పుడు ముక్కలు కుట్టాకే గీత మొదలుపెట్టాలి.