"80 శాతం వంశపారంపర్యం" అని రాయవచ్చా?

సభ్యులకు నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో "హెరిటబిలిటీ సుమారు 80 శాతం" అని ఉంది. చేతికి అలవాటైన మాట పడింది: "ఈ జబ్బు 80 శాతం వంశపారంపర్యం." పైకి చదువుకున్నాక మా పిన్ని కూతురు గుర్తొచ్చింది. వాళ్ల అన్నయ్యకు ఈ జబ్బు ఉంది. చెల్లికి రెండు సంబంధాలు నిశ్చయం దాకా వచ్చి తప్పిపోయాయి. రెండుసార్లూ వినిపించింది ఒకటే, "ఆ ఇంట్లో ఉందటగా" అని. జబ్బు పేరు కూడా ఎవరూ ఎత్తలేదు.

నా వాక్యం చదివితే ఆ పెళ్లివారు ఏమనుకుంటారు? నూటికి ఎనభై మంది పిల్లలకు వస్తుందనే అనుకుంటారు. అసలు లెక్క అది కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం. తోబుట్టువుకు ఉన్నా దాదాపు అంతే. మామూలుగా నూటికి ఒకరికి, అంతకంటే తక్కువగానే వస్తుంది. కాబట్టి రిస్క్ పెరిగే మాట నిజమే, దాచక్కర్లేదు. కానీ ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి అమ్మకూ నాన్నకూ అది లేదు.

డెన్మార్క్‌లో కవలల రిజిస్టరు ఆధారంగా 2018లో ఒక అధ్యయనం వచ్చింది. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికీ ఉన్నది మూడోవంతు మందిలోనే. అదే అధ్యయనం లెక్కగట్టిన హెరిటబిలిటీ 79 శాతం! జన్యువులు అచ్చంగా ఒకటే అయినవాళ్లలోనే 33 దగ్గర ఆగితే, ఆ 79ని "వంశపారంపర్యం" అని ఎలా రాస్తాం?

హెరిటబిలిటీ ఒక ఇంటి గురించి చెప్పే అంకె కాదు. ఒక జనాభాలో ఈ జబ్బు వచ్చే వీలు కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. ఆ తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాల నుంచి వచ్చిందో చెప్పే కొలత. నాకు తోచిన మాట "జన్యు వాటా". మీరేమంటారు?

రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరు: పాఠ్యపుస్తకాల్లో "అనువంశికత" ఉంది కదమ్మా. కొత్త మాట ఎందుకు?

నా జవాబు: మాస్టారూ, అది మంచి మాటే. కానీ తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు రావడం అనే సంగతికి దాన్ని వాడుతున్నాం. ఇక్కడ కావలసింది కొలతకు పేరు. రెంటికీ ఒకే మాట పెడితే చదివేవాళ్లు మళ్లీ పెళ్లివారి లెక్కకే వెళ్తారు. "వాటా" అంటే మొత్తంలో భాగమని పల్లెలో అందరికీ తెలుసు.

ఒక తమ్ముడు: అక్కా, జన్యుపరం అన్నా వంశపారంపర్యం అన్నా ఒకటే కాదా?

నా జవాబు: కాదు తమ్ముడూ, నాకు కూడా ఈ పని మీదే తెలిసింది. 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించి పుట్టే పిల్లలుంటారు. వాళ్లలో పెద్దయ్యాక నలుగురిలో ఒకరికి స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు వస్తుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ లోపం అమ్మానాన్నల్లో ఎవరి దగ్గరా ఉండదు, ఆ బిడ్డలోనే కొత్తగా వస్తుంది. పూర్తిగా జన్యుపరం, కానీ వంశంలో ఎక్కడా లేదు.

అదే తమ్ముడు: ఈ జబ్బు ఉన్నవాళ్లకు సంతానం తక్కువంటారు. మరి సంతానానికి అడ్డొచ్చే లక్షణాలను తరతరాలుగా తగ్గించేసే ప్రకృతి వరణం దీన్ని ఎప్పుడో తీసెయ్యాలి కదా?

నా జవాబు: ఎంతోమందిని తొలిచిన ప్రశ్న అది. బ్రిటిష్ సైకియాట్రిస్ట్ టిమ్ క్రో ఒక ఊహ చేశారు: మనిషికి భాష అబ్బినందుకు చెల్లిస్తున్న మూల్యం ఈ జబ్బు అని. భాష మీద ప్రేమ ఉన్న మనకు అది చటుక్కున పట్టేస్తుంది. నన్నూ రెండు రోజులు వదల్లేదు. కానీ జన్యు ఆధారాలు దానికి గట్టిగా నిలబడలేదు. 2022లో దాదాపు 77 వేల మంది రోగుల డీఎన్ఏ పరిశీలించి, జబ్బుతో సంబంధమున్న 287 చోట్లు గుర్తించారు. ఒక్కో చోట ఉన్న మార్పు ప్రభావం చాలా చిన్నది, వరణానికి అంత చిన్నది పెద్దగా చిక్కదు. అలాంటివి నీలోనూ నాలోనూ, ఆ పెళ్లివారిలోనూ కొన్ని ఉంటాయి. 22వ క్రోమోజోమ్ లోపం లాంటి పెద్ద మార్పులను వరణం తరాల మీద ఏరేస్తూనే ఉంటుంది, అవి మళ్లీ కొత్తగా పుడుతూ ఉంటాయి.

మాస్టారు: సరేనమ్మా. "జన్యు వాటా" అని ఊరికే వదిలేస్తే దేనిలో వాటా అని అడుగుతారు. "జన్యుభేదాల వాటా" అను.

నా జవాబు: ధన్యవాదాలు మాస్టారూ, తీసుకున్నాను. వాక్యం ఇలా మార్చాను: "ఈ జబ్బు వచ్చే వీలు మనిషికీ మనిషికీ మధ్య వేరుగా ఉంటుంది. ఆ తేడాలో జన్యుభేదాల వాటా సుమారు 80 శాతం. తల్లికో తండ్రికో జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మాత్రం సుమారు 10 శాతం." రెండు అంకెలూ పక్కపక్కనే ఉంచుతాను. ఎడిటర్ గారు చోటు చాలదంటే ఇంకేదైనా తగ్గిస్తాను.