అనసూయా, అనుసూయా? పాతకాలపు ఆడపిల్లల పేర్లలో అక్షరాల సంగతి

ప్రశ్న

పాపకు పెట్టడానికి నాలుగు పాత పేర్లు అనుకున్నాం: అనసూయ, రుక్మిణి, సౌదామిని, తాయారు. నాలుగూ నచ్చాయి. చిక్కంతా రాత దగ్గరే వస్తోంది. ఒకచోట అనసూయ, ఇంకోచోట అనుసూయ. రుక్మిణి అయితే రుక్మణి, రుక్మిని అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది సరి, ఎందుకు సరి? చివర ‘దేవి’ చేర్చాలంటే ఎలా రాయాలి?

జవాబు

అనసూయే సరి. ‘లేదు, కాదు’ అని చెప్పే సంస్కృత నకారం హల్లు ముందు ‘అ’ అవుతుంది: అమల, అచల. అచ్చు ముందు ‘అన్’ అవుతుంది: అన్ + అసూయ = అనసూయ, అసూయ లేనిది. అనుసూయ అనే తప్పు ఊరికే పుట్టలేదు. అనుపమ, అనురాధ అనే పేర్లు అలవాటైన నాలుక దీన్నీ అటే లాగింది. కానీ అనుపమలో ఉన్నది అన్ + ఉపమ, ఆ ఉకారం ఉపమది. అనురాధలో మాత్రం నిజంగానే ‘అను’ అనే ఉపసర్గ ఉంది. రాధ అంటే విశాఖ నక్షత్రం, దాని వెంట వచ్చేది అనురాధ. అనుసూయ అని రాస్తే అసూయ అనే మాటే చెదిరిపోతుంది, ఇక అది లేకపోవడమనే అర్థం ఎక్కడుంటుంది? ఆ ఒక్క అకారం మీదే పేరంతా నిలబడింది.

జవాబు

రుక్మిణి సంగతి నేను చెబుతాను. రుక్మం అంటే బంగారం. ‘ఇని’ చేరితే ‘కలది’ అని అర్థం. రుక్మణి అని రాస్తే ఆ ‘ఇ’ పోయింది, దానితో ‘కలది’ కూడా పోయింది.

ఇక ని, ణి తగువు. దీనికి కచ్చితమైన సూత్రం ఉంది. ఒకసారి పట్టుబడితే పాత పేర్లలో సగం తప్పులు మన చేత జరగవు. ఒకే మాటలో ర, ష, ఋ తర్వాత వచ్చిన న, ణ అవుతుంది. మధ్యలో అచ్చులు, కవర్గం, పవర్గం, య, వ, హ ఉన్నా ఫరవాలేదు. చ, ట, త వర్గాల అక్షరం గానీ, ల, శ, స గానీ అడ్డం వస్తే మార్పు ఆగిపోతుంది.

రుక్మిణిలో ర తర్వాత ఉన్న హల్లులు క, మ. రెండూ అడ్డు కావు, కాబట్టి ణి. రాగిణి, రోహిణి, తరంగిణి ఇదే దారి. సరోజినిలో కూడా ర ఉంది కదా అంటే, మధ్యన జ కూర్చుంది, అందుకే ని. రజని కూడా అంతే. భవానిలో ర లేదు, ష లేదు, కాబట్టి ని. అదే అమ్మవారికి శర్వాణి, రుద్రాణి అంటే ణి. కాత్యాయని, దాక్షాయణి పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దాంట్లో ‘క్షా’లో ష దాగి ఉంది, తేడా అక్కడే వచ్చింది. మృణాళినిలో ముందు ణ వచ్చి, చివర ని రావడం వింతగా కనిపిస్తుంది గానీ, ఆ ళ సంస్కృతంలో ల. అది అడ్డు నిలిచింది.

వాణి, వేణి, కల్యాణి వంటి వాటిలో ణ పుట్టుకతోనే ఉంది, వాటికి ఈ లెక్క అక్కర్లేదు.

ఎదురు ప్రశ్న

మరి సౌదామిని? సౌదామని అని కూడా చూశాను. ఇది కూడా రుక్మణి లాంటి తప్పేనా?

జవాబు

కాదండీ. రెండూ పాత రూపాలే. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువులో మెరుపు పేర్ల వరుసలో సౌదామని ఉంది. తెలుగులో పేరుగా సౌదామినే స్థిరపడింది, అదే ఉంచుకోండి. ఆ వరుసలోనే మెరుపుకు చంచల, చపల అనే పేర్లు కూడా ఉన్నాయి. నిఘంటువులో ఒకే అర్థం కనిపించింది కదా అని పక్క మాట తీసి పిల్లకు పెట్టకూడదు. చపల అంటే వినేవాళ్లకు మెరుపు తోచదు, నిలకడలేనితనమే తోస్తుంది.

జవాబు

‘దేవి’ గురించి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివినవాళ్లకు తెలిసిన విషయమే. సంస్కృతంలో దీర్ఘంతో ముగిసే స్త్రీవాచకాలు విడిగా తెలుగులోకి వచ్చినప్పుడు చివర పొట్టి అవుతాయి: సీతా సీత, గౌరీ గౌరి, లక్ష్మీ లక్ష్మి. శ్రీ మాత్రం అలాగే ఉంటుంది. కానీ వెనక మరో సంస్కృత పదం చేరి సమాసమైతే ఆ దీర్ఘం తిరిగి బయటికొస్తుంది. కాబట్టి అనసూయాదేవి, రుక్మిణీదేవి, సౌదామినీదేవి. లక్ష్మిదేవి, ఉమదేవి అని రాస్తే సమాసం కుంటుతుంది.

వెనక చేరేది తెలుగు మాట అయితే ఈ దీర్ఘం రాదు, మామూలు తెలుగు సంధే: అనసూయ + అమ్మ = అనసూయమ్మ, గౌరి + అమ్మ = గౌరమ్మ. ఇక కాకతీయ రాణి పేరు రుద్రమదేవి. అక్కడ రుద్రమాదేవి అనకపోవడానికి కారణం, రుద్రమ తెలుగు తీరున ఏర్పడిన రూపం కావడమే. రమాదేవి చూసి దాన్ని సాగదీస్తున్నారు. ఆ ‘మ’కు ‘అంబ’ చేరితేనే అచ్చమాంబ, వెంగమాంబ అవుతాయి: అచ్చమ + అంబ.

చేర్పు

తాయారును ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఈ నాలుగింట్లో అన్నిటికన్నా ఇష్టమైన పేరు ఇది. తమిళం నుంచి వచ్చింది. తాయ్ అంటే తల్లి, ‘ఆర్’ గౌరవం. వైష్ణవ ఆలయాల్లో అమ్మవారిని తాయార్ అంటారు. తెలుగు నోటికి హల్లుతో ముగిసే మాట పడదు కనుక చివర ఉకారం చేరింది. తాయారమ్మ అంటే అమ్మ రెండుసార్లు వచ్చినట్టే. పైన చెప్పినట్టు దీర్ఘం పెట్టి ‘తాయారూదేవి’ అనకండి. ఇది సంస్కృతం కాదు, ఆ సూత్రం దీనికి వర్తించదు. ఈ పేరుకు దేవి అతకదు, మంగతాయారు అని ముందు చేర్చుకోవడమే మన అలవాటు.

అలమేలుమంగ కూడా ఈ దారినే వచ్చింది. అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. అలివేలు అని మారింది కూడా తప్పు కాదు, జనం నోట నలిగి తెలుగైన రూపం.

జవాబు

అర్థం, రాత అయ్యాక మూడో పరీక్ష విభక్తి, పిలుపు. పేరుకు కి, తో, ని చేర్చి పైకి అనండి. రుక్మిణికి, అనసూయకి, తాయారుకి అంటే చిక్కేమీ లేదు. రత్నం, మాణిక్యం, అమృతం వంటి సున్న పేర్ల దగ్గర జాగ్రత్త. ‘అమృతానికి ఇవ్వు’ అంటే మనిషో వస్తువో తేలదు, ‘అమృతంకి’ అంటే వ్యాకరణం ఒప్పుకోదు. అమృత అని పెడితే ఈ బాధ ఉండదు.

పిలుపులో చివరి అచ్చు సాగుతుంది: రుక్మిణీ, తాయారూ. సౌదామినీ అని దూరం నుంచి పిలిచేటప్పుడు మొదటి ‘సౌ’ బరువంతా లాక్కుంటుంది, మధ్య అక్షరాలు నలిగిపోతాయి. అందుకే ఆ ‘సౌ’ను వదిలేసి ఇంట్లో చివరికి దామిని అంటారు. అది ఇష్టమేనా అని ముందే ఆలోచించుకోండి.

ఇంటిపేరుతో కలిపి కూడా అనండి. అచ్చుతో మొదలయ్యే పేరుకు ఇదే చిక్కు. ఇంటిపేరు ‘పల్లి’తో ముగిస్తే, గబగబా అన్నప్పుడు ‘పల్లనసూయ’ అవుతుంది. రుక్మిణికి ఆ బెడద లేదు.

చేర్పు

ఇంగ్లీషు స్పెల్లింగు చివర్లో తేల్చుకోవలసింది, ముందు కాదు. తెలుగు రూపం స్థిరం కాకుండా స్పెల్లింగు రాస్తే, తర్వాత ఆ స్పెల్లింగును చూసి తెలుగు రాసేవాళ్లు కొత్త తప్పులు చేస్తారు. అనసూయలో ‘ఎన్’ తర్వాతి ‘ఏ’ వదిలేయకండి, అది పోతే ‘అన్సూయ’ అని చదువుతారు. అక్కడ ‘యూ’ పడితే అనుసూయే. తాయారులో తకు ‘టీహెచ్’ రాస్తే తెలుగు రానివాళ్లు ‘థాయారు’ అంటారు. ‘టీ’ ఒక్కటే రాస్తే ‘టాయారు’ అనేవాళ్లూ ఉంటారు, రెంటిలో ఏది తక్కువ బాధో మీరే చూసుకోవాలి. ణకు ఇంగ్లీషులో చోటే లేదు, కాబట్టి రుక్మిణి తెలుగు రాతను మీరే కాపాడుకోవాలి. తెలుగు రాని ఇద్దరి చేత ఆ స్పెల్లింగును చదివించి వినండి. నమోదు కాగితంలో తెలుగు గడి ఉంటే అది మీ చేత్తోనే నింపండి. అచ్చయి వచ్చాక సంతకం పెట్టే ముందు ‘ణి’ని, ‘న’ను వేలు పెట్టి చూసుకోండి.