అథాస్ పాత కథ ముందే చెప్పేయాలా, దాచాలా?

అందరికీ నమస్తే, చిన్న సాయం కావాలి. ఆదివారాలు నలుగురు ఫ్రెండ్స్‌తో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్ళు పాత్రలుగా ఆడే ఆట) ఆడుతుంటాను, ఈసారి కథ నడిపే వంతు నాది, దానికోసం 1991లో వచ్చిన డార్క్ సన్ అనే కథాప్రపంచం తీసుకున్నా. అందులో అథాస్ అనే లోకమంతా దాదాపు ఎడారే. ఇనుము దొరకడం గగనం, ఎముకతో చేసిన కత్తి పట్టుకుని తిరగాలి, అది ఎప్పుడు విరుగుతుందో తెలీదు, డబ్బులు కూడా కాల్చిన మట్టి బిళ్ళలే. మంత్రగాడు అడ్డదిడ్డంగా మంత్రం వేస్తే చుట్టూ ఉన్న గడ్డీ చెట్లూ చచ్చి బూడిదవుతాయి.

నా టెన్షన్ అంతా దాని చరిత్రతోనే. ఒకప్పుడు అక్కడ నీలి సూర్యుడు, ఎటు చూసినా సముద్రం, జీవాల్నే మలిచి పనిముట్లు చేసుకునే హాఫ్‌లింగ్‌లు అనే పొట్టి మనుషుల జాతి. వాళ్ళ పొరపాటు వల్లే సముద్రంలో ఒక గోధుమరంగు తెగులు పాకింది, దాన్ని చంపడానికి ఏకంగా సూర్యుడి శక్తినే లాగారు, దాంతో సూర్యుడు పసుపుపచ్చగా మారిపోయాడు. తర్వాత రజాత్ అనేవాడు మంత్రవిద్య కనిపెట్టి, జాతులకు జాతుల్నే తుడిచిపెట్టే యుద్ధాలు చేయించాడు. ఇప్పుడు సూర్యుడు ఎరుపు, సముద్రంలో నీళ్ళకి బదులు ధూళి.

1995 ఎడిషన్‌లో ఇదంతా విడమర్చి రాశారు. మొదటి రోజే చెప్పేస్తే మజా పోతుందేమో, చెప్పకపోతే ఆటలో ఎదురయ్యే ఆ పాతకాలపు శిథిలాలు చూసి ఆవలిస్తారేమో. మీరెవరైనా ఆడించి ఉంటే ఎలా బయటపెట్టారు?

ఇంకోటి, డిఫైలర్‌కి, అంటే పైన చెప్పినట్టు మంత్రం వేసి చుట్టూ ఉన్న చెట్ల ప్రాణం లాగేసే మంత్రగాడికి, తెలుగులో ఏమనాలి? 'పీల్చేవాడు' అన్నా, సిగరెట్టా బీడీయా అని మావాడొకడు ఒకటే నవ్వు.