ఒంటి కన్ను, బార్‌కోడ్, చిల్లంగి: విశ్వాసి వేటిని నమ్మాలి?

గునుపూర్ కుర్రాడు:
అందరికీ వందనాలు. ఈమధ్య ఒడిశాలో మా దగ్గర చర్చి యువజన కూటం జరిగింది. ఆంధ్రా నుంచి వచ్చిన ప్రసంగీకుడు తెర మీద సినిమా పోస్టర్లు వేసి, ఒక కన్ను కనపడకుండా ఫొటో దిగిన ప్రతి హీరో ఇల్యూమినాటి మనిషేనన్నాడు, అంటే లోకాన్ని చాటుగా నడిపే రహస్య సంఘం మనిషట. తర్వాత బిస్కెట్ ప్యాకెట్ పైకెత్తి, బార్‌కోడ్‌లో 666, అంటే బైబిల్ ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్య, ఉందని స్కెచ్ పెన్నుతో గీసి చూపించాడు. ఆధార్, టీకా, అన్నీ మృగం ముద్రకు మెట్లేనట. ఇంటికొచ్చి మా చెల్లెలు బైబిల్లో దాచుకున్న ఆధార్ కార్డు తీసి అవతల పెట్టేసింది. చీకటి శక్తులున్నాయని నమ్మే మనం ఇవి కూడా నమ్మాల్సిందేనా? నమ్మకపోతే విశ్వాసం తగ్గినట్టా?

జయపురం సోదరుడు:
తగ్గినట్టే తమ్ముడూ. లోకమంతా దుష్టుని చేతిలో ఉందని యోహాను రాశాడు. కుట్రలే లేవనేవాళ్ళు సువార్తలు సరిగ్గా చదవలేదు. యేసు శవాన్ని శిష్యులే ఎత్తుకుపోయారని చెప్పమని సమాధి కావలివాళ్ళకు లంచమిచ్చింది ఎవరు? పౌలును చంపేదాకా అన్నం నీళ్ళు ముట్టమని నలభై మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. అది కుట్ర కాదా? ఆ ప్రసంగీకుడు చెప్పిన దాంట్లో ఒకటో అరో తప్పున్నా పిల్లలు జాగ్రత్త పడతారు. నష్టమేముంది?

పర్లాకిమిడి మాస్టారు:
నష్టమేముంది అన్న దగ్గరే నా అభ్యంతరం. పది ఆజ్ఞల్లో పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం చెప్పకూడదని ఉంది. పొరుగువాడు సినిమా హీరో అయితే మినహాయింపు అని ఎక్కడా లేదు. లేని వార్త పుట్టించవద్దని నిర్గమకాండం 23లో మళ్ళీ చెప్పారు.

ఒక పాత కథ చెప్తాను. అమెరికాలో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ అని కంపెనీ. మనింట్లో ఏరియల్, టైడ్, విక్స్ వాళ్ళవే. వాళ్ళ పాత గుర్తులో చంద్రుడి ముఖం, 13 నక్షత్రాలు ఉండేవి. ఆ దేశం మొదట 13 వలస రాష్ట్రాలు కాబట్టి 13. 1980ల్లో దాన్ని సాతాను గుర్తు అన్నారు. కంపెనీ లాభాలు సాతాను సంఘానికి పోతున్నాయన్నారు. కరపత్రాలు చర్చిల్లో చేతులు మారాయి. 1985లో కంపెనీ ప్యాకెట్ల మీద ఆ గుర్తు తీసేసింది, పుకారు మాత్రం ఆగలేదు. చివరికి 2007లో, పోటీ కంపెనీ సరుకు అమ్మే నలుగురు దాన్ని వ్యాప్తి చేశారని తేల్చి కోటీ 92 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమని జ్యూరీ చెప్పింది. ప్రార్థన చేసుకునేవాళ్ళ భయంతో సబ్బుల వ్యాపారం సాగింది. చీకటి పని ఎవరిది మరి?

ఇక పౌలు మీద కుట్ర. నువ్వు చెప్పింది నిజమే, అది అసలైన కుట్ర. అయితే ఆ అధ్యాయం, అపొస్తలుల కార్యములు 23, చివరిదాకా చదువు. విన్నవాడు పౌలు మేనల్లుడు. ఎవరు, ఎంతమంది, ఎక్కడ పొంచి ఉంటారు, ఎప్పుడు, అన్నీ తెలుసుకుని ముందు కోటలో ఉన్న పౌలుకే చెప్పాడు. పౌలు ఒక అధికారిని తోడిచ్చి అతణ్ణి రోమా సైన్యాధికారి అయిన సహస్రాధిపతి దగ్గరికి పంపాడు. ఆయన కుర్రాణ్ణి చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి విన్నాడు. నాకు చెప్పినట్టు ఎవరితోనూ అనవద్దని పంపేశాడు. ఆ రాత్రే సైనికుల కాపలాతో పౌలును ఊరు దాటించారు. ఆ కుర్రాడు యెరూషలేము వీధుల్లో చాటింపు వేయలేదు. మనవాళ్ళు చేసేది ఆ చాటింపే. పేరుండదు, చోటుండదు, ఎవరికి చెబితే పని జరుగుతుందో వాళ్ళకి చెప్పరు. వందమందికి ఫార్వర్డ్ చేసి కూర్చుంటారు.

రాయగడ కిరాణా:
నేను కొట్టు నడుపుతాను, రోజంతా ఈ బార్‌కోడ్లే చూస్తాను. మొదట్లో, మధ్యలో, చివర కాస్త కిందికి పొడుగ్గా ఉండే జంట గీతలు అంకెలు కావు. కోడ్ ఎక్కడ మొదలైంది, ఎక్కడ సగమైంది, ఎక్కడ ముగిసిందని స్కానర్‌కి చెప్పే గుర్తులు. 6 అంకెకి ఏడు గడుల వెడల్పు కావాలి, చివర్లలోని ఈ గీతలకి మూడే. 1974లో అమెరికాలో మొదట స్కాన్ చేసింది చూయింగ్ గమ్ ప్యాకెట్. ప్రకటన 13లో ముద్ర కుడిచేతి మీదో నొసటి మీదో ఉంటుందన్నారు. బిస్కెట్ మీద అనలేదు.

జయపురం సోదరుడు:
వెటకారం వద్దు అన్నా. గీతల సంగతి ఒప్పుకుంటాను. మరి ఎఫెసీ 6:12లో అంధకార లోకనాథులు అన్నది ఎవరిని? అదీ పుకారేనా?

రాయగడ సిస్టర్, ఆరోగ్య కేంద్రం:
బ్రదర్, అదే వచనం మొదటి సగం చూడండి. మన పోరాటం శరీరులతో కాదు అని ఉంది. మనుషుల్ని వదిలేయమని. మన ప్రాంతంలో మనుషుల్ని వదలకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కొండ మీద ఊళ్ళో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోతారు. ఎవరో ఒక ఒంటరి ముసలమ్మని చూపించి చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందంటారు. కొడతారు, ఊరు వెళ్ళగొడతారు, చంపేసిన కేసులూ ఉన్నాయి. అందుకే ఒడిశాలో 2013లో దీనికి వ్యతిరేకంగా ప్రత్యేకంగా చట్టం చేశారు. తీరా రక్తం తీసి చూస్తే ఎక్కువసార్లు మలేరియా, అదీ ప్రాణం తీసే ఫాల్సిపారం రకం. 2017 నుంచి దమన్ అనే ప్రభుత్వ మలేరియా నివారణ కార్యక్రమంలో జ్వరం లేనివాళ్ళకి కూడా ఊరంతా పరీక్షలు చేస్తున్నాం. నాకు దురాత్మల మీద నమ్మకముంది, వారం వారం ఉపవాసముంటాను. ఆ ముసలమ్మ తలుపు కొట్టిన గుంపులో నేను చూసే చీకటి ఉంది.

ఇంకోటి. మాకొచ్చే టీకా పోస్టర్లు ఒడియాలో ఉంటాయి. మన తెలుగు పెద్దవాళ్ళు చాలామంది ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. టీకాలో చిప్ ఉందనే పుకారు వీడియో మాత్రం చక్కని తెలుగులో ఫోన్‌కి వస్తుంది. నేను ఇంటికెళ్ళేసరికి వాళ్ళ మనసులో మాట స్థిరపడిపోయి ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
సిస్టర్ మాటకి ఒకటి కలుపుతాను. 2008 ఆగస్టు 23న మన ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. మేమే చేశామని మావోయిస్టులు ప్రకటించారు. అయినా 'క్రైస్తవుల కుట్ర' అన్న మాట ఊరూరా తిరిగింది. ఇళ్ళు, చర్చిలు తగలబడ్డాయి. వేలమంది అడవుల్లో, శిబిరాల్లో తలదాచుకున్నారు. ఆ సెగ మా గజపతి జిల్లాకీ తగిలింది. రుజువు లేని కుట్ర మాట ఎంత దూరం పోతుందో మనకంటే ఎవరికి తెలియాలి?

జయపురం సోదరుడు:
ఆ కేసులో 2013లో ఏడుగురు క్రైస్తవులకు శిక్ష పడింది కదా మాస్టారూ. అది దాచకండి.

పర్లాకిమిడి మాస్టారు:
దాచడం లేదు. పడింది, తర్వాత సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఏడుగురి మీద కేసుంటే కోర్టు చూసుకుంటుంది. ఏ కోర్టు మొహం చూడకుండా ఊళ్ళకు ఊళ్ళ మీద వేసిన నింద గురించి నేను మాట్లాడుతున్నాను. ఇల్యూమినాటి అంటారా, 1776లో బవేరియాలో పుట్టింది, పదేళ్ళు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వం నిషేధించింది.

గునుపూర్ కుర్రాడు:
మా చెల్లెలికి బార్‌కోడ్ సంగతి చదివి వినిపించాను. కార్డు మళ్ళీ బైబిల్లో పెట్టుకుంది, రేషన్‌కి కావాలిగా. కానీ ఆ ప్రసంగీకుణ్ణి మా చర్చి పాస్టరు అయ్యగారే మళ్ళీ క్రిస్మస్‌కి పిలుస్తున్నారు. ఆయనకి ఎవరు చెప్పాలి? సభలో లేచి అడిగితే నన్ను కూటం నుంచి పంపేస్తారు.

రాయగడ సిస్టర్, ఆరోగ్య కేంద్రం:
సభలో వద్దు తమ్ముడూ. మత్తయి 18లో చెప్పినట్టు ముందు ఒంటరిగా వెళ్ళు. బిస్కెట్ ప్యాకెట్ తీసుకెళ్ళు.

జయపురం సోదరుడు:
ప్రసంగీకుడి నంబరు నా దగ్గర ఉంది. బార్‌కోడ్, టీకా సంగతి నేనే అడుగుతాను. సినిమా పోస్టర్ల మాట వేరు, దాన్ని మాత్రం నేను వదలను. దానికి ఇంకో చర్చ పెట్టండి మాస్టారూ, అక్కడ తేల్చుకుందాం.