హార్స్‌లిప్స్ పాటల్లో ఐర్లండ్ జానపదం: లోతైన వేరా, పైపూతా?

నాగావళి:
1970లో డబ్లిన్‌లో ఏర్పడిన హార్స్‌లిప్స్ బృందాన్ని కెల్టిక్ రాక్‌కు, అంటే ఐర్లండ్ వంటి కెల్టిక్ ప్రాంతాల జానపద బాణీలను రాక్‌తో కలిపే సంగీతానికి, ఆద్యులని చాలామంది అంటారు. ఆద్యులే కావచ్చు గాని, వారి రికార్డుల్లోని జానపదం పైపూతేనని నా అభిప్రాయం. ఐర్లండ్ నాట్యబాణీలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒక్కో భాగాన్ని రెండేసి సార్లు వాయించి, మొత్తాన్ని మళ్లీ మొదటికి తెచ్చి, ప్రతి ఆవృత్తిలోనూ గమకాలను కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోవడంలోనే ఆ సంగీతపు ప్రాణం ఉంది. 1973 నాటి 'ద టాయిన్' ఆల్బమ్‌లోని 'జారగ్ డూమ్'లో ఏం జరిగిందో చూడండి. 'ఓనీల్స్ మార్చ్' అనే పాత కవాతు బాణీలోంచి ఒక ముక్కను తీసుకుని ఎలక్ట్రిక్ గిటార్ రిఫ్‌గా (పాటలో పదేపదే వచ్చే చిన్న స్వరాల వరుసగా) మార్చారు. మిగిలిన బాణీ ఏమైపోయింది?

ద్రుతలయ:
నాగావళి గారూ, బాణీ నిర్మాణం గురించి మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే దాన్ని చెక్కుచెదరని కొలబద్దగా పట్టుకుంటే, ఈనాడు మనం సంప్రదాయమని పిలుస్తున్నదానిలో చాలా భాగం ఆ పరీక్షలో తప్పుతుంది. బుజూకీ అనే గ్రీకు వాద్యం ఐరిష్ సంగీతంలోకి వచ్చింది 1960లలోనే. వేర్వేరు వాద్యాలకు వేర్వేరు పాత్రలు కేటాయించి, జానపద బాణీలను కచేరీ వేదికకు తగ్గట్టు కూర్చే పద్ధతిని ఐరిష్ స్వరకర్త షాన్ ఓ రియాడా తన కియోల్టోరీ కూలన్ బృందంతో ఆ దశకంలోనే రూపొందించారు. ఆయన చేస్తే పునరుజ్జీవనమూ, హార్స్‌లిప్స్ చేస్తే పైపూతా అవుతుందా?

పైగా వారు ముక్కలు మాత్రమే తీసుకున్నారనడం అన్ని రికార్డులకూ వర్తించదు. 1975లో వచ్చిన 'డ్రైవ్ ద కోల్డ్ వింటర్ అవే' పూర్తిగా సంప్రదాయ బాణీల మీద నడిచే అకూస్టిక్ ఆల్బమ్. అందులో ఎలక్ట్రిక్ గిటార్ హోరు వెతికినా దొరకదు. చార్లెస్ ఓకానర్ ఫిడేలు, మాండొలిన్, కాన్సర్టీనా (చేతుల్లో ఇమిడే, అకార్డియన్‌ను పోలిన చిన్న వాద్యం) వాయించేవారు; జిమ్ లాక్‌హార్ట్ కీబోర్డులతోపాటు వేణువూ వాయించేవారు. ఆ పరిజ్ఞానం ఉన్నందువల్లే, ఎక్కడ కోస్తే బాణీ ఇంకా గుర్తుపట్టేలా ఉంటుందో ఆ చోటును వారు ఎంచుకోగలిగారు. 1976 నాటి 'ద బుక్ ఆఫ్ ఇన్వేజన్స్' విషయానికొస్తే, ఆనందం, శోకం, నిద్ర అనే ప్రాచీన ఐరిష్ సంగీత విభజనను అనుసరించి మూడు ఖండాలుగా కూర్చారు. అందులోని 'ట్రబుల్' పాటకు ఆధారం 'బ్రయన్ బోరూస్ మార్చ్'. ఆ కవాతు తెలిసిన శ్రోతకు రిఫ్ మొదలైన వెంటనే అది తెలిసిపోతుంది, తెలియనివారికి మంచి రాక్ పాటగానే వినిపిస్తుంది. ఇంతకంటే లోతుగా వేరూనడం ఎలాగో నాకు బోధపడదు.

పాత రికార్డు:
ఇద్దరూ బాణీల దగ్గరే ఆగిపోయారు. ఈ పాటలు ఎక్కడ మోగాయన్నది కూడా చూడాలి. అప్పట్లో ఐర్లండ్ పల్లెపట్టుల్లోని డాన్స్ హాళ్లను ఏలినవి షోబ్యాండ్లు అనే నాట్యసంగీత బృందాలు. వాటి కార్యక్రమాల్లో అధికభాగం బయటి దేశాల హిట్ పాటల అనుకరణలే. అదే హాళ్లలో హార్స్‌లిప్స్ తమ సొంత పాటలు వాయించారు. 1972లో తొలి ఆల్బమ్‌ను టిప్పరరీలోని లాంగ్‌ఫీల్డ్ హౌస్‌లో, అద్దెకు తెచ్చిన సంచార స్టూడియోతో రికార్డు చేసి, ఓట్స్ అనే తమ సొంత లేబుల్ (రికార్డు సంస్థ) మీదే విడుదల చేశారు. కాన్సర్టీనా ఆకారంలో ఎనిమిది పలకలుగా కత్తిరించిన ఆ ఆల్బమ్ అట్టను చూస్తే చాలు, ఖర్చుకు వెనకాడలేదని తెలుస్తుంది. (అట్ట అంచులు నలగని ప్రతి దొరకడం కష్టం, అది వేరే బాధ.)

నాగావళి:
డాన్స్ హాళ్ల మాట బలమైనదే. అయినా ఒక పాట గ్రామీణ శ్రోతలను చేరినంత మాత్రాన అది జానపదం కాబోదు. ద్రుతలయ గారు 1976 దగ్గర ఆగారు, ఆ తరువాతి ఆల్బమ్‌లను ప్రస్తావించలేదు. 'ఎలియన్స్', 'ద మ్యాన్ హూ బిల్ట్ అమెరికా' రెండింటి కథాంశమూ ఐరిష్ వలసలే. కానీ కథ ఐర్లండ్‌దిగా మిగిలి, సంగీతం అమెరికా రేడియో వైపు వాలిపోయింది, ముఖ్యంగా 1978లో వచ్చిన రెండోదానిలో. అది లోతైన వేరే అయితే అంత సులువుగా ఊడివస్తుందా?

ద్రుతలయ:
చివరి ఆల్బమ్‌ల విషయంలో మీతో వాదించను, వాటిని నేనూ తక్కువే వింటాను. బృందం కూడా 1980లో విడిపోయింది. అయితే 1990 ప్రపంచకప్‌కు ఐర్లండ్ ఫుట్‌బాల్ జట్టు కోసం చేసిన పాటలో మోగినది మీరు ముక్క అని తీసిపారేసిన ఆ 'జారగ్ డూమ్' రిఫ్‌యే. ఓనీల్స్ మార్చ్ పేరైనా వినని కుర్రకారు కూడా దాన్ని నోటితో అనగలిగారు. బాణీ చేతులు మారుతూ బతకడమే జానపదమైతే, ఇది దానిలోకి రాదని ఏ ప్రాతిపదికన అంటారో చెప్పండి.