మూడు గ్రిడ్ల వాన డేటాను ఒకే మ్యాపులో ఎట్లా పోల్చాలి?

ప్రశ్న: అన్నా, తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నా. 2021 నవంబరు 18న మన ఊరిని ముంచిన వానను మ్యాపులో చూపించాలి. ఐఎండీ (భారత వాతావరణ శాఖ), ఈఆర్ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌తో లెక్కగట్టినది) డేటా 0.25 డిగ్రీల గళ్లలో ఉంది, ఐమెర్గ్ ఉపగ్రహ డేటా 0.1 డిగ్రీలో. అన్నిటినీ బైలీనియర్‌తో (చుట్టుపక్కల విలువల నుంచి మధ్య విలువను అంచనా కట్టే పద్ధతి) 0.1కి మార్చి తేడా గీస్తే ఒకదానికొకటి పొంతనే లేదు. ఎల్లుండే గైడ్‌కు చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, గ్రిడ్ జోలికి పోకముందు తేదీ చూడు. 18 ఉదయం 8:30 నుంచి 19 ఉదయం 8:30 దాకా పడిన వాన ఐఎండీలో 19వ తేదీ కింద ఉంటుంది. మిగతా రెండూ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి, అంటే వాటి రోజు మనకు తెల్లవారుజామున 5:30కి మొదలవుతుంది. ఐమెర్గ్ రోజువారీ ఫైలు పక్కన పెట్టి, యూటీసీ 3 గంటల నుంచి అరగంట ఫైళ్లు 48 తీసుకో. అందులో ఉండేది గంటకు మిల్లీమీటర్లు, కాబట్టి ప్రతి విలువనూ సగం చేసి కూడాలి. ఈఆర్ఏ5లో వాన మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణించు. నేనూ ఇక్కడే వారం రోజులు పోగొట్టుకున్నా.

ఇక గ్రిడ్. పెద్ద గడిని చిన్న గళ్లుగా కోస్తే కొత్త సమాచారమేమీ పుట్టదు, మ్యాపు నునుపుగా కనిపించి చూసేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. ఐమెర్గ్‌నే 0.25కి తీసుకురా. బైలీనియర్ చుట్టూ ఉన్న నాలుగు పాయింట్లే చూస్తుంది. ఒక 0.25 గడిలో ఆరుకు పైగా చిన్న గళ్లు పడతాయి, మిగిలినవాటి వాన లెక్కకే రాదు. సీడీఓ అనే వాతావరణ డేటా సాఫ్ట్‌వేర్‌లో రీమ్యాప్‌కాన్ కమాండ్ వాడితే విస్తీర్ణం వాటా ప్రకారం పంచి, మొత్తం వాన మారకుండా చూస్తుంది. ఉష్ణోగ్రతకైతే బైలీనియర్ చాలు.

ఐఎండీలో -999 అంటే డేటా లేదని. ముందే తీసేయకపోతే తేడా మ్యాపులో శ్రీహరికోట వైపు సముద్రమంతా పాడవుతుంది. ఇంకొకటి, ఫైల్లో ఉన్న అక్షాంశం గడి మధ్యదా, మూలదా? పొరబడితే మ్యాపు 14 కిలోమీటర్లు జరుగుతుంది. తిరుపతి 13.63 దగ్గర ఉంది, గడి అంచు 13.625. కాస్త జరిగినా ఊరు పక్క గడిలో పడుతుంది.

ప్రశ్న: తేదీ మార్చగానే మూడూ దగ్గరికొచ్చాయన్నా! తిరుమల కొండ మీది వానను, కింద వానను విడిగా చూపొచ్చా?

జవాబు: 27 కిలోమీటర్ల గడితో కొండ వాలు పట్టుబడదు. వర్షమాపక కేంద్రాల కొలతలు దొరికితే, వాటిని గ్రిడ్‌లో కలపకుండా పైన చుక్కలుగా పెట్టు. రంగుల స్కేలు మాత్రం రెండింటికీ ఒకటే ఉండాలి.