నెల సరుకులకు వంతెన దాటాలా? కాకినాడలో ఇకమీదట వచ్చే పెద్ద కిరాణా దుకాణం ఏ దిక్కున రావాలి?

ఉప్పుటేరు ఒడ్డు:

కాకినాడలో ఇకమీదట పెద్ద కిరాణా దుకాణం ఏది వచ్చినా, అంటే పప్పు ఉప్పుల దగ్గర నుంచి ప్లాస్టిక్ బకెట్ల దాకా ఒకే కప్పు కింద అమ్మే డీమార్ట్ తరహా దుకాణం ఏది వచ్చినా, అది ఊరికి ఏ దిక్కున రావాలన్నదే నా ప్రశ్న. అటువంటివి అసలు రావాలా వద్దా అన్నది వేరే చర్చ. దాన్ని ఇందులో కలపవద్దని మనవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అది ఉప్పుటేరు మీద ఉన్న జగన్నాథపురం వంతెనకు దక్షిణాన రావాలి. 2011 జనగణన నాటికే నగర జనాభా 3 లక్షలు దాటింది. 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో మన ఊరు చేరింది. అయితే ఊరు పెరుగుతోందని ఎవరు అన్నా వాళ్ళ చెయ్యి ఉత్తరానికే చూపిస్తుంది: సర్పవరం, రమణయ్యపేట, వాకలపూడి. వంతెనకు ఇవతల జగన్నాథపురం ఉందనీ, దాన్ని దాటితే తూరంగి ఉందనీ, 216వ నంబరు జాతీయ రహదారి చొల్లంగి, తాళ్ళరేవుల మీదుగా యానాం వెళ్ళి అక్కడి నుంచి కోనసీమలోకి దిగుతుందనీ, ఆ దారి పొడవునా ఉన్న జనమంతా కాకినాడనే తమ ఊరుగా వాడుకుంటున్నారనీ స్థలం వెతికేవాళ్ళకు తట్టదు.

నెల మొదటి ఆదివారం సాయంత్రం వంతెన మీద కాసేపు నిలబడి చూడండి. వెళ్ళేటప్పుడు మడతపెట్టిన ఖాళీ సంచులు కనిపిస్తాయి. వచ్చేటప్పుడు స్కూటరు ముందు నూనె డబ్బా, హ్యాండిలుకు రెండు సంచులు, వెనక కూర్చున్నావిడ ఒడిలో ఇంకొకటి. ఆ పైన మెయిన్ రోడ్డులో బండి ఎక్కడ పెట్టాలన్న తిప్పలు ఒకటి. ఇన్ని బండ్లు దాటివచ్చే బదులు ఒక్క దుకాణం ఇవతలికి వస్తే పోయేదేముంది?

సర్పవరం మాస్టారు:

మీ బాధ నాకు అర్థమైంది. కాని దుకాణం పెట్టేవాడి లెక్క వేరు. డీమార్ట్ సంగతే తీసుకోండి. 2002లో ముంబయిలోని పవాయిలో మొదటి దుకాణం తెరిచిన నాటి నుంచి ఆ సంస్థ అద్దె దుకాణాల కన్నా సొంత స్థలానికీ, దీర్ఘకాలపు లీజుకే మొగ్గు చూపుతూ వచ్చింది. నెలనెలా అద్దె కట్టే భారం లేకపోతే సరుకు మీద లాభం తగ్గించుకుని అమ్మవచ్చునన్నదే అందులోని కిటుకు. ఆ పద్ధతిలో నడిచే దుకాణానికి ఊరి నడిబొడ్డు పనికిరాదు. ఎకరాల లెక్కన ఒకే ముక్కగా దొరికే భూమి కావాలి, ఎదుట వెడల్పైన రోడ్డు ఉండాలి. అటువంటి చోటు ఇంకా దొరికేది ఉత్తరం వైపే.

రెండో సంగతి కొనేవాళ్ళది. 2008లో ప్రత్యేక విశ్వవిద్యాలయంగా మారిన జేఎన్‌టీయూ, ఎరువుల కర్మాగారాలు, వాటి చుట్టూ లేచిన అపార్టుమెంట్లు అన్నీ ఇటే ఉన్నాయి. నెల జీతం వచ్చేవాళ్ళే నెల సరుకులు ఒక్కసారిగా కొంటారు. రోజు కూలి మీద బతికేవారు ఏ పూట సరుకు ఆ పూట తెచ్చుకుంటారు. వారిని నేను చిన్నచూపు చూడటం లేదు, చేతిలోకి డబ్బు ఎలా వస్తే ఖర్చూ అలాగే ఉంటుందని అంటున్నాను. సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం జనం కూడా కాకినాడ వచ్చేది ఉత్తరం నుంచేనన్నది మరవకూడదు. దక్షిణాన ఎంత జనం ఉన్నా, ఈ మూడు పట్టణాల బరువుకు తూగరు.

మూడో తరం కిరాణా:

నేను జగన్నాథపురంలో కొట్టు నడుపుతున్నాను. మా తాత పెట్టిన కొట్టు. నా మాటలో స్వార్థం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఈ చర్చలో ఇద్దరూ చూడని సంగతి ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను.

మాస్టారు చెప్పినది నిజమే. మా దగ్గర కొనేవారిలో వేటకు వెళ్ళేవారు, రేవులో పనిచేసేవారు, తాపీ పనివారు చాలామంది ఉన్నారు. వేట బాగుంటే ఆ రోజే బాకీ కడతారు, లేకపోతే వారం తర్వాత కడతారు. సముద్రంలో వేట నిషేధం ఉన్న ఏప్రిల్, జూన్ నెలల మధ్య ఖాతా పుస్తకంలో పేజీలు గబగబా నిండిపోతాయి. పెద్ద దుకాణంలో అరువు ఉండదు కాబట్టి వీళ్ళెవరూ అక్కడికి పోరు, కనుక దక్షిణాన అది వచ్చినా మాకు దెబ్బ తగలదని మీరు అనుకోవచ్చు. నిజానికి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. అరువు ఇవ్వడానికి నా దగ్గర డబ్బు ఎక్కడిది? రొక్కం ఇచ్చి కొనే ఉపాధ్యాయులు, నర్సులు, రైల్వే ఉద్యోగులు నెల మొదట్లో కట్టే డబ్బుతోనే నేను టోకు వ్యాపారి బాకీ తీరుస్తాను. ఆ ధైర్యంతోనే వేటగాడి ఇంటికి నెలాఖరు దాకా ఆగుతాను. పెద్ద దుకాణం నా వీధి చివర తెరిస్తే తీసుకుపోయేది రొక్కం ఖాతాదారులను. మిగిలేది అరువు. అప్పుడు నేను అరువు ఆపక తప్పదు. అంటే ఆ దుకాణంలో కాలు పెట్టనివారే దానివల్ల ఎక్కువ నష్టపోతారు.

ఇక పెద్ద దుకాణం ఏం అమ్ముతుందన్న సంగతి. బియ్యం విషయంలో ఈ డెల్టాలో దానికి పెద్ద బేరం ఉండదు. పొలం ఉన్నవారు గింజలు మరకు పంపి ఆడించుకుంటారు, లేనివారు చుట్టాల దగ్గరో మిల్లు దగ్గరో ఏడాదికి సరిపడా తీసుకుంటారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ముందే ప్యాక్ చేసి పేరు ముద్రించిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడటంతో 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చిన కథ మీకు తెలిసిందే. చింతపండు, ఎండుమిరపకాయలు కొత్త పంట రాగానే ఏడాదికి కట్టిపెట్టుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కాబట్టి పెద్ద దుకాణం బలమంతా సబ్బులు, షాంపూలు, నూనె ప్యాకెట్లు, బిస్కెట్ల మీదే. నా లాభం కూడా వాటిమీదే. జగన్నాథపురం సెంటరులో మాత్రం వద్దు అంటాను. మిగిలిన చోటు ఎక్కడో మీరే తేల్చుకోండి.

తాళ్ళరేవు కోడలు:

జగన్నాథపురం గురించి, సర్పవరం గురించి మాట్లాడుతున్నారు గాని, మా వైపు ఉన్నవాళ్ళం ఏం చేస్తామో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాకు యానాం దగ్గర. ఒకప్పుడు అక్కడ పన్ను తక్కువని కొన్ని వస్తువులు అక్కడే కొనేవారని మా అత్తగారు చెబుతారు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సబ్బు బిళ్ళకు ఇక్కడా అక్కడా ఒకటే పన్ను. పెట్రోలు, మద్యం జీఎస్టీలో చేరలేదు కాబట్టి వాటి తేడా వాటికి ఉంది, అది మగవాళ్ళ విషయం. నెల సరుకులకు మాత్రం మేము కాకినాడే వస్తాము. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన పడి, గౌతమిని పంటు మీద దాటే అవసరం పోయిన నాటి నుంచి ఐ.పోలవరం, ముమ్మిడివరం వాళ్ళు కూడా ఇదే రోడ్డు మీద కాకినాడ వస్తున్నారు. మాస్టారు గారు సామర్లకోట, పెద్దాపురం, పిఠాపురం లెక్క వేశారు. ఈ రోడ్డు మీద వచ్చేవాళ్ళ లెక్క కూడా వేయాలి కదా.

మేము బస్సులో వస్తాము. ఊరి మధ్యకు వచ్చి, అక్కడి నుంచి సర్పవరం ఆటో ఎక్కి, సంచులతో తిరిగి బస్సు పట్టుకోవాలంటే ఒక పూటంతా పోతుంది, అందులో పిల్లవాణ్ణి చంకన వేసుకుని. దుకాణం మా రోడ్డు మీదే, బస్సు ఆగే చోట ఉంటే, వంతెన దాకా రావలసిన పని కూడా లేదు.

గాంధీనగర్ అద్దె ఇల్లు:

అన్నీ ఫోనులో నొక్కితే ఇంటికే వస్తున్న రోజుల్లో దుకాణం ఏ దిక్కున ఉంటే ఏమిటండీ?

తాళ్ళరేవు కోడలు:

మీ వీధికి వస్తాయి, మా ఊరికి రావు. అదీ తేడా.

మెరక లెక్క:

నేను సివిల్ పనులు చేయించే వాడిని. వ్యాపారపు లెక్కలు నాకు తెలియవు, నేల లెక్క చెబుతాను.

దక్షిణం వైపు భూమి పల్లం. ఎక్కువగా నల్ల బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. కాబట్టి వేల చదరపు అడుగుల గోదామును నేరుగా దాని మీద నిలబెట్టలేము. పునాది లోతుకు పోవాలి, లేదా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే స్తంభాలు, వేయాలి. దానికి ముందు స్థలం మెరక చేయాలి. మెరకకు కావలసిన గ్రావెల్ మెట్ట ప్రాంతం నుంచి లారీల మీద రావాలి, ఆ లారీలు కూడా మీరు అనుకుంటున్న వంతెన మీదుగానే రావాలి. మాస్టారు చెప్పిన సొంత స్థలం లాభంలో చాలా భాగం ఇక్కడ మెరకలోనే కరిగిపోతుంది.

అంతకన్నా ముఖ్యమైనది నీరు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పుటేరు వెనక్కి తన్నుతుంది, ఆ సమయంలో వాన కురిస్తే మురుగు కాలువలో నీరు కదలదు. రెండు ఎకరాల స్థలాన్ని నాలుగు అడుగులు ఎత్తు చేసి, పైన సిమెంటు పరిచి, పార్కింగు పెట్టారనుకోండి, ఇన్నాళ్ళూ ఆ స్థలంలో నిలిచిన నీరు పక్క ఇళ్ళ వాకిళ్ళలోకి పోతుంది. ఇది మన ఊరిలో కొత్త తగాదా కాదు, కొత్త ఇల్లు లేచిన ప్రతి వీధిలోనూ ఉన్నదే. కాకపోతే ఇక్కడ పరిమాణం పెద్దది.

ఇంత చెప్పినా దక్షిణం వద్దని నేను అనను. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో తాళ్ళరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన తీరం ఎంత దెబ్బతిన్నదో చూసిన తరం మాది. రోడ్లు తెగినప్పుడు ఎక్కడ సరుకు ఉంటే అక్కడే అన్నం. గట్టి పునాది మీద, ఎత్తైన గచ్చుతో, జనరేటరుతో ఉన్న పెద్ద గోదాము ఒకటి ఆ వైపు ఉండటం అటువంటి రోజున పనికివస్తుంది. అయితే దాని నీరు పోవడానికి సొంత కాలువ పెద్ద డ్రెయిన్ దాకా తవ్వుతామని సంస్థ కాగితం మీద రాసి ఇవ్వాలి. అనుమతి దగ్గరే ఈ షరతు పెట్టాలి, కట్టాక ఎవరూ తవ్వరు.

సర్పవరం మాస్టారు:

తాళ్ళరేవు అమ్మాయి చెప్పిన బస్సు సంగతి నేను ఆలోచించని మాట నిజం. మా వైపు కొనేవారికి చాలావరకు సొంత బండ్లు ఉన్నాయి, వారు నాలుగు కిలోమీటర్లు ఎటు వెళ్ళమన్నా వెళ్ళగలరు. అయినా సంస్థ తన లాభం చూసుకుంటుంది గాని మన సౌకర్యం చూడదన్న నా మాట అలాగే ఉంది.

ఉప్పుటేరు ఒడ్డు:

మాస్టారూ, లాభం చూసుకోవద్దని నేనూ అనడం లేదు. ఉత్తరాన ఇప్పటికే పెద్దవీ చిన్నవీ పోటీపడుతున్నాయి. అక్కడ ఇంకొకటి తెరిస్తే ఉన్న బేరాన్నే పంచుకోవాలి. దక్షిణపు రోడ్డు మీద మొదట వచ్చేవాడికి పోటీ లేదు. తక్కువ జీతాల జనమైనా, మొత్తం దారి తనదే అయితే గిట్టుబాటు కాదా?

కాని కొట్టు నడిపే మిత్రుడు రాసినది చదివాక నా మొదటి మాట సవరించుకోవలసి వచ్చింది. వంతెన దాటగానే, జనం కిక్కిరిసిన జగన్నాథపురంలో దుకాణం రావాలన్నట్టుగా రాశాను. వంతెన మీద బండ్లు తగ్గుతాయన్నది ఒక్కటే నా మనసులో ఉంది. రొక్కం ఖాతాదారు పోతే అరువు ఖాతాదారుకు అన్నం ఆగుతుందన్న లంకె నాకు తట్టలేదు. మా ఇంట్లో కూడా నాన్నగారి జీతం ఆగిన నెలల్లో ఎవరో ఒక కొట్టువారు ఆగబట్టే గడిచింది. అది మరిచిపోయి రాసినందుకు కొంచెం సిగ్గుగా ఉంది.

కాబట్టి నా కోరిక ఇప్పుడు ఇది. జగన్నాథపురం దాటి, తూరంగి వైపు, యానాం బస్సులు ఆగే చోట. అక్కడైతే తాళ్ళరేవు, కరప, యానాం వైపు వాళ్ళకు ఊళ్ళోకి రాకుండానే పని జరుగుతుంది. జగన్నాథపురం లోపలివాళ్ళు నడిచి వెళ్ళేంత దగ్గర కాదు కాబట్టి చిన్న కొట్లకు కొంత ఊపిరి ఉంటుంది. మెరక లెక్క గారు చెప్పిన కాలువ షరతు తప్పనిసరి. అది లేకపోతే నేనే అభ్యంతరం రాస్తాను.

మూడో తరం కిరాణా:

తూరంగి అయితే నాకు అభ్యంతరం లేదు. పోయేవాళ్ళు పోతారు. రానూ పోనూ ఆటోకు ఎంత అవుతుందో, సబ్బుల మీద ఎంత మిగులుతుందో లెక్క వేసుకుని సగం మంది రొక్కం వాళ్ళు నా దగ్గరే ఆగుతారు. తక్కిన సగం కోసం నేను కూడా పొద్దున్న ఒక గంట ముందు కొట్టు తెరుస్తాను.